పదా, పదకొండా? విండోస్ మళ్లీ వేసే ముందు
పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి మాకు వస్తున్న ఉత్తరాల్లో చాలా వాటి సారాంశం ఒక్కటే: ఫార్మాట్ కొట్టిస్తున్నాం, పాతదే వేయించాలా, కొత్తది వేయించాలా? దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. ప్రాసెసర్ ఏ తరానిది, లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్కా, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీనా, ఏ సాఫ్ట్‌వేర్ నడవకపోతే మీ పని ఆగిపోతుంది అన్న మూడు సంగతులు తెలిస్తే నిర్ణయం దాదాపు దానంతటదే తేలుతుంది. తరం తెలుసుకోవడం సులువు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే ఐ5-8250యు అనో, ఐ3-6100 అనో కనిపిస్తుంది. గీత తరవాత వచ్చే అంకే తరం. 10, 11, 12 లాంటివైతే మొదటి రెండంకెలు చూడాలి. ప్రశ్న పంపేటప్పుడు ఈ పేరు పూర్తిగా రాయండి. "ఐ5 ల్యాప్‌టాప్" అని మాత్రమే రాస్తే అది 2012 నాటిదో 2022 నాటిదో మాకు తెలియదు.

ప్రశ్న: డెల్ ల్యాప్‌టాప్, ఐ5-8250యు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. డెస్క్‌టాప్ కనిపించాక కూడా చాలాసేపు దేనికీ పలకదు. విండోస్ 11 బరువు, 10 వేస్తే తేలిగ్గా నడుస్తుందని షాపులో అంటున్నారు. నిజమేనా?
ఒక ఉపాధ్యాయిని, హనుమకొండ

జవాబు: పదకొండే వేయించండి. అయితే ముందు డిస్కు మార్చండి.

మీ నెమ్మదికి కారణం విండోస్ కాదు, హార్డ్ డిస్క్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ అన్న చోట మెషీన్ ఆన్ చేసిన కొత్తలో 100 శాతం దగ్గరే నిలబడి ఉంటే అనుమానం అక్కర్లేదు. తిరిగే డిస్కు సెకనుకు వంద దాకా చిన్నచిన్న రీడ్లు చేయగలదు. ఎస్ఎస్‌డీ అదే సెకనులో వేలకు వేలు చేస్తుంది. విండోస్ మొదలవడమంటే చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ఫైళ్లను చదవడమే. ఆ హార్డ్ డిస్క్ మీద పది వేసినా పదకొండు వేసినా ఫార్మాట్ చేసిన కొత్తలో కాస్త చురుగ్గా ఉండి, అప్‌డేట్లు ఎక్కేసరికి మళ్లీ అదే కథ. ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఈ రెండింటి వేగంలో మీకు తేడా తెలియదు. 4 జీబీ ఉంటే మాత్రం పదకొండు ఇరుకవుతుంది. మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస ర్యామ్ అంతే అయినా, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి నిండిపోతుంది.

విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ వైపు ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ వైపు దాదాపుగా రైజెన్ 2000 వరస నుంచి ఉన్నాయి. మీ 8250యు అందులో ఉంది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని టైప్ చేస్తే ఉందో లేదో చెబుతుంది. లేదని వస్తే చాలాసార్లు అది బయోస్‌లో (విండోస్ కంటే ముందు మెషీన్‌ను మొదలుపెట్టే సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ అనో, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనో ఉన్నదాన్ని ఆన్ చేస్తే సరి.

ఎస్ఎస్‌డీ 256 జీబీకి తగ్గకుండా తీసుకోండి. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పాత హార్డ్ డిస్క్ చోట నేరుగా కూర్చుంటుంది. మీ మోడల్‌లో ఎం.2 స్లాట్ ఉంటే పాత డిస్కును తీయకుండానే కొత్తది పెట్టుకోవచ్చు. కొనే ముందు డెల్ సైట్‌లో సర్వీస్ ట్యాగ్ కొట్టి, ఆ స్లాట్ సాటా రకం ఎస్ఎస్‌డీ పట్టేదా, ఎన్‌వీఎంఈ రకం పట్టేదా చూసుకోండి. రెండూ చూపుకు దగ్గరగానే ఉంటాయి. సాటాకు మాత్రమే తీగలున్న స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెడితే బయోస్‌కు కనిపించనే కనిపించదు.

డిస్కు మారిస్తే ఒరిజినల్ విండోస్ పోతుందన్న భయం వద్దు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్సు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. కీ అడిగిన చోట "నా దగ్గర కీ లేదు" అన్నదాన్ని ఎంచుకుని ముందుకు వెళ్లండి. పది నుంచి పదకొండుకు మారినా అదే లైసెన్సు చెల్లుతుంది, విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. ఇక్కడ పొరపాటు జరిగేది ఎడిషన్ దగ్గర. ల్యాప్‌టాప్‌తో వచ్చింది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అయితే మళ్లీ అదే వేయాలి. షాపులో అలవాటుగా ప్రో వేస్తారు. అది మీ లైసెన్సుతో యాక్టివేట్ కాదు. దాంతో ఏదో క్రాక్ నడిపి సరిపెడతారు. ఆ క్రాక్ పనిచేయాలంటే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపాలి, ఆపాక దాంతో పాటు ఇంకేం లోపలికి వచ్చాయో చెప్పేవాళ్లుండరు. మీకు సొంత లైసెన్సు ఉండగా ఈ తిప్పలు ఎందుకు? పాత విండోస్ నడుస్తుండగానే అబౌట్ తెరపై ఎడిషన్ పేరు రాసి పెట్టుకోండి.

మరో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే ఖాళీ చేసుకోండి. డెల్‌లో పవర్ నొక్కగానే ఎఫ్12 తడుతూ ఉంటే బూట్ మెనూ వస్తుంది (హెచ్‌పీలో ఎఫ్9, లెనోవోలో ఎక్కువ మోడళ్లకు ఎఫ్12).

ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కనెక్షన్ తీసేసి ఉంచండి. రెండు డిస్కులూ ఉంటే విండోస్ ఫైళ్లు కొత్త ఎస్ఎస్‌డీలోకి వెళ్తాయి కానీ, బూట్ చేయించే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ను సెటప్ పాత డిస్కు మీద ఉన్నదే వాడుకుంటుంది. అప్పటికి అంతా బాగానే నడుస్తుంది. కొన్నాళ్లకు పాత డిస్కు పాడైనా, తీసేసినా ఆ రోజున కొత్త ఎస్ఎస్‌డీ బూట్ కాదు. విండోస్ పోయిందనుకుని మళ్లీ ఫార్మాట్ చేయిస్తారు. ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి వేసి, డెస్క్‌టాప్ వచ్చాక షట్‌డౌన్ చేసి అప్పుడు పాతది తగిలించండి.

ప్రశ్న: కిరాణా హోల్‌సేల్ షాపు. డెస్క్‌టాప్ ఐ3-6100, 8 జీబీ, ఎస్ఎస్‌డీ ఉంది. టాలీ, జీఎస్టీ పనులు దీనిమీదే. విండోస్ 10 పాడైంది. చెకింగ్ దాటించి 11 వేస్తానని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?
ఒక వ్యాపారి, తిరుపతి

జవాబు: బిల్లింగ్ మెషీన్ మీద వద్దు.

ఆరో తరం ప్రాసెసర్ పదకొండు జాబితాలో లేదు. రూఫస్ అనే ఉపకరణంతో పెన్‌డ్రైవ్ చేస్తే టీపీఎం, సెక్యూర్ బూట్, ర్యామ్ పరీక్షలను దాటించవచ్చు, పదకొండు ఎక్కుతుంది కూడా. చిక్కు తరవాత మొదలవుతుంది. జాబితాలో లేని మెషీన్లకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. నెలనెలా వచ్చేవి ఇప్పటికి వస్తున్నా, ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ దానంతటది రాదు. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలలే మద్దతు. అంటే రెండేళ్లలోపు మళ్లీ ఎవరినైనా పిలిచి దాటించుకోవాలి. ఇంట్లో సరదా మెషీన్‌కైతే ఫరవాలేదు. రిటర్ను ఆఖరు తేదీ నాడు మొరాయిస్తే మీకు నష్టం.

విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ వేయించండి. అప్‌డేట్లన్నీ ఎక్కాక సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కు చేరే లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్‌ను ఆన్ చేస్తే డబ్బు కట్టకుండా చేరవచ్చు. 30 డాలర్లు కట్టో, 1000 రివార్డ్స్ పాయింట్లు ఇచ్చో చేరే దారులూ ఉన్నాయి. ఈ పథకం కింద భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకని ప్రకటించారు. కాబట్టి ఇది కొత్త మెషీన్ కొనుక్కునేదాకా గడువు మాత్రమే. ఆ లెక్కతోనే వాడండి.

ఇప్పుడు అసలు సంగతి, మీ డేటా. టాలీప్రైమ్ తన డేటాను మామూలుగా సీ డ్రైవ్‌లోనే యూజర్స్, పబ్లిక్, టాలీప్రైమ్, డేటా అన్న దారిలో పెడుతుంది. "డీ డ్రైవ్ ముట్టుకోను, మీ ఫైళ్లన్నీ భద్రం" అని మెకానిక్ నిజాయితీగానే చెప్పి సీ డ్రైవ్ ఫార్మాట్ చేస్తే లెడ్జర్లన్నీ పోతాయి. డేటా ఎక్కడుందో కంపెనీని ఎంచుకునే తెరపై కనిపిస్తుంది, చూసుకోండి. అక్కడ అంకెల పేర్లతో ఉన్న ఒక్కో ఫోల్డరు ఒక్కో కంపెనీ. డేటా ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. కాపీ అయిందని వదిలేయకుండా, అదే వెర్షన్ లేదా అంతకంటే కొత్త వెర్షన్ టాలీ ఉన్న మరో కంప్యూటర్లో తెరిచి, నిన్నటి ఆఖరి బిల్లు నంబరు సరిపోయిందో లేదో చూడండి. టాలీ లేకపోతే ఎడ్యుకేషన్ మోడ్‌లో వేసుకుని చూడొచ్చు. విండోస్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే టాలీలో లైసెన్సును సరెండర్ చేసి, ఫార్మాట్ అయ్యాక మళ్లీ యాక్టివేట్ చేసుకోవడం క్షేమం. అసలు తెరుచుకోకపోతే డిస్కును విప్పి మరో మెషీన్‌కు తగిలించి డేటా తీయించండి. ఆ తరవాతే ఫార్మాట్ మాట.

డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటుంది, ఫార్మాట్‌తో దానికేం కాదు. కొత్త విండోస్‌లో టోకెన్ డ్రైవర్, సంతకం పెట్టడానికి జీఎస్టీ పోర్టల్ అడిగే ఈఎంసైనర్ ప్రోగ్రాం రెండూ మళ్లీ వేసుకుంటే చాలు. డ్రైవర్ తెరలో ఇనిషియలైజ్ అన్న బటన్ కనిపిస్తే దాని జోలికి పోవద్దు. నొక్కితే టోకెన్‌లో సర్టిఫికెట్ చెరిగిపోతుంది, కొత్తది కొనాల్సి వస్తుంది.

మీ మెకానిక్‌కు ఒక మాట. మధ్యలో "ఈ డిస్కులో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, విండోస్ వేయడం కుదరదు" అని వస్తే, కంగారుపడి పార్టిషన్లన్నీ డిలీట్ చేయొద్దు. డీ డ్రైవ్ కూడా పోతుంది. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. ఎంబీఆర్ డిస్కుకు ఆ మాట లేని రెండోదాన్ని ఎంచుకుంటే పది ఏ పేచీ లేకుండా ఎక్కుతుంది. రెండోది కనిపించకపోతే బయోస్‌లో సీఎస్ఎం, అంటే లెగసీ బూట్, ఆన్ చేయాలి.

లైట్, ఘోస్ట్ అంటూ బయట తిరిగే కత్తిరించిన విండోస్‌లు డబ్బు లెక్కలున్న మెషీన్‌కు అసలే పనికిరావు. వాటిలో ముందు తీసేసేది డిఫెండర్‌నీ అప్‌డేట్లనే.

ప్రశ్న: పది నుంచి పదకొండుకు అప్‌గ్రేడ్ చేశాను. టాస్క్‌బార్ నచ్చలేదు. వెనక్కి వెళ్లొచ్చా?
ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల్లోపైతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. మీ ఫైళ్లు ఉంటాయి. డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లను తీసేసి ఉంటే ఆ అవకాశం పోతుంది. పది రోజులు దాటాక మొదటి నుంచి పది వేయడమే మార్గం. అయితే ఒక్క టాస్క్‌బార్ కోసం మద్దతు ముగిసినదానికి పోవద్దని మా సలహా. టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అలైన్‌మెంట్‌ను లెఫ్ట్‌కు మార్చండి, స్టార్ట్ బటన్ పాత మూలకే వస్తుంది.

ప్రశ్న: డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్స్‌తో పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాలు చేస్తాం. విండోస్ 7 మెషీన్ డిస్కు పోయింది. మళ్లీ 7 వేసుకోవాలా, 10 లేదా 11కి వెళ్లాలా? మెషీన్ నాలుగో తరం ఐ5, 4 జీబీ.
ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి

జవాబు: మీ పని ఏ విండోస్ మీద నడుస్తుందన్నది మూడు విషయాల మీద ఉంది: మీ అను స్క్రిప్ట్ మేనేజర్ (అను ఫాంట్లలో టైప్ చేయించే ప్రోగ్రాం) వెర్షన్, దానికి లాక్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలిస్తేనే ప్రోగ్రాం నడిచే తాళం) ఉంటే ఆ డ్రైవరు, మీ ప్రింటరు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ వరసలో అదే ఆఖరిది. ఇరవై ఏళ్లు దాటినా 32 బిట్ ప్రోగ్రాం కాబట్టి 64 బిట్ విండోస్ 10 మీద నడిపించుకోవచ్చు. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ టిక్ పెట్టండి. లేకపోతే ప్రిఫరెన్సులు సేవ్ కాక, మధ్యలో మూసుకుపోయే ఇబ్బందులు వస్తాయి. అంతకంటే పాత 16 బిట్ ప్రోగ్రాములు, డాస్ బిల్లింగ్ లాంటివి, 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవవు. విండోస్ 11లో 32 బిట్ అన్నదే లేదు. విండోస్ 10 వరకే ఆ సౌకర్యం.

ముందు మీ డాంగిల్‌కు 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో అమ్మినవారిని అడగండి. ఉంటే 64 బిట్ విండోస్ 10 వేసి, ర్యామ్ 8 జీబీకి పెంచండి. లేకపోతే 32 బిట్ విండోస్ 10. అప్పుడు 4 జీబీ ర్యామ్ చాలు, ఎందుకంటే 32 బిట్ అంతకు మించి వాడుకోలేదు. డ్రైవర్ వేశాక కూడా డాంగిల్ కనిపించకపోతే విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ చూడండి. మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటే పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు. కొత్త విండోస్ 11 మెషీన్లలో ఇది చాలావాటికి మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. "మా డాంగిల్ పదకొండులో పనిచేయదు" అని వచ్చే ఫిర్యాదులకు ఒక పెద్ద కారణం ఇదే.

డీటీపీ వాళ్లను ఎక్కువగా ఏడిపించేది మరొకటుంది. పాత ఫైలు తెరవగానే లైన్లు జరిగిపోయి, పేజీ చివరి రెండు లైన్లు తరవాతి పేజీలోకి దూకుతాయి. ఫాంట్ తేడా అనుకుంటారు. చాలాసార్లు కారణం ప్రింటరు. పేజ్‌మేకర్ ప్రతి ఫైలునూ ఏదో ఒక ప్రింటరుకు కంపోజ్ చేసి ఉంచుతుంది, ఆ ప్రింటరు మారితే అక్షరాల కొలతలు మళ్లీ లెక్కిస్తుంది. విండోస్ 10 వచ్చాక ఇది ఎక్కువైంది. అందులో డిఫాల్ట్ ప్రింటరును విండోస్ తానే చూసుకునే ఏర్పాటు ఉంది, మీరు ఆఖరున వాడిన ప్రింటరును అది డిఫాల్ట్ చేసేస్తుంది. పొద్దున కలర్ ప్రింటరు మీద ఒక కార్డు తీశారంటే మధ్యాహ్నం తెరిచిన పుస్తకం పేజీలు కదులుతాయి. ప్రింటర్స్ అండ్ స్కానర్స్ సెట్టింగ్స్‌లో ఆ టిక్ తీసేసి, పుస్తకాలకు ఎప్పుడూ ఒకే ప్రింటరు పెట్టుకోండి. పాత మెషీన్‌లో ఉన్న ప్రింటరు పేరు, డ్రైవరే కొత్త విండోస్‌లోనూ వేసి, ఫైలు డాక్యుమెంట్ సెటప్‌లో కంపోజ్ టు ప్రింటర్ దగ్గర దాన్నే ఎంచుకోండి. మీ దగ్గర ఉన్నది కానన్ ఎల్‌బీపీ 2900 అయితే దానికి 64 బిట్ డ్రైవర్ ఉంది, పది మీదా పదకొండు మీదా నడుస్తుంది. ప్రింటర్ అసలే లేకుండా పేజ్‌మేకర్ తెరవొద్దు, ఏదో ఒక డిఫాల్ట్ ప్రింటర్ ఉండాలి.

పాత డిస్కు నుంచి డేటా తీయించేటప్పుడు పీఎండీ, పీ65 ఫైళ్లతో పాటు విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డరును కూడా అడిగి తీయించుకోండి. అనులో కొట్టినది యూనికోడ్ కాదు. అదే ఫాంటు లేకపోతే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. ఒకే కుటుంబం ఫాంట్లలో వెర్షన్‌కూ వెర్షన్‌కూ కొన్ని ఒత్తుల స్థానాలు మారినా పాత పుస్తకం మొత్తం ప్రూఫ్ మళ్లీ చదవాల్సి వస్తుంది. పూర్తయిన ప్రతి పుస్తకానికీ పీడీఎఫ్ తీసి దాచుకోవడం ఇప్పటి నుంచైనా అలవాటు చేసుకోండి.

విండోస్ 7 మాటకొస్తే, 2020 జనవరి 14తో దాని మద్దతు ముగిసింది. క్రోమ్ అందులో 109 దగ్గరే ఆగిపోయింది. మీ డాంగిల్ 7లో తప్ప పనిచేయదని తేలితే 7 వేసుకోండి, కానీ ఆ మెషీన్‌కు నెట్ తీగ పెట్టొద్దు. మెయిల్, వాట్సాప్‌లలో వచ్చే మ్యాటరు వేరే కంప్యూటర్లో దించి, స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకోండి.

ప్రశ్న: పన్నెండో తరం ఐ5 ల్యాప్‌టాప్. పాత అలవాటు కొద్దీ విండోస్ 10 వేద్దామని చూస్తే డిస్కు ఎంచుకునే చోట ఖాళీగా చూపిస్తోంది. ఎస్ఎస్‌డీ పోయిందా?
ఒక ఉద్యోగి, నిజామాబాద్

జవాబు: పోలేదు. పదకొండో తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ, వీఎండీ అనే కంట్రోలరు వెనక ఉంటుంది. దాని డ్రైవరు విండోస్ సెటప్‌లో ఉండదు. మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్ దించుకుని, విడదీసి, ఐఎన్ఎఫ్ ఫైలు ఉన్న ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఇన్‌స్టాల్ చేసే ఈఎక్స్ఈని అలాగే కాపీ చేస్తే సెటప్ దాన్ని చూడదు. తరవాత డిస్కు తెరపై లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డరు చూపిస్తే ఎస్ఎస్‌డీ ప్రత్యక్షమవుతుంది. కొన్ని మోడళ్లలో బయోస్‌లో వీఎండీ ఆపేసే వీలుంది. అంతా చెరిపి కొత్తగా వేస్తున్నప్పుడు అలా చేయొచ్చు. ఉన్న విండోస్‌ను ఉంచుకోవాలంటే ఆపొద్దు, బ్లూ స్క్రీన్‌తో అది తెరుచుకోదు.

అయితే ఈ మెషీన్ మీద పది వేయడాన్ని మేం ఒప్పుకోం. పన్నెండో తరంలో చాలా ప్రాసెసర్లలో వేగం కోర్లు, పొదుపు కోర్లు అని రెండు రకాలుంటాయి. ఏ పని దేనికి ఇవ్వాలో ప్రాసెసర్ ఇచ్చే సూచనలను పూర్తిగా వాడుకునేది పదకొండే.

చెరిపే ముందు ఇంకో పని. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్ 11 24హెచ్2ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా వేస్తే హోమ్ ఎడిషన్‌లో కూడా ఇది తనంతట తానే ఆన్ అవుతుంది, డీ డ్రైవ్‌కూ వర్తిస్తుంది. అది ఆన్‌లో ఉండగా సీ మాత్రం ఫార్మాట్ చేస్తే, తరవాత డీ తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో ఉంటుంది, ముందే కాగితం మీద రాసుకోండి. లేదా ఎన్‌క్రిప్షన్ ఆపి, అది పూర్తయ్యేదాకా ఆగండి.

ఇన్‌స్టాల్ అయ్యాక ఇంటర్నెట్ కావాలని అడిగి వైఫై చూపించకపోతే ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లకు డ్రైవరు విండోస్‌లోనే ఉంటుంది. మిగతా డ్రైవర్లను అదే నెట్‌తో దించుకుంటుంది.

ప్రశ్న: విండోస్ మళ్లీ వేశాక వర్డ్‌లో పాత తెలుగు ఫైళ్ల అక్షరాలు వేరేగా కనిపిస్తున్నాయి, పేజీలూ మారాయి.
ఒక రచయిత్రి, విశాఖపట్నం

జవాబు: మీ ఫైళ్లు గౌతమి ఫాంటులోనో వాణిలోనో ఉండి ఉంటాయి. విండోస్ 10 నుంచి తెలుగుకు మొదటి నుంచే ఉండేది నిర్మల యూఐ ఒక్కటే. గౌతమి, వాణి విడిగా దించుకోవాలి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎంచుకోండి. వర్డ్ మూసి తెరిస్తే పేజీలు సర్దుకుంటాయి. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు టైప్ చేసేవారికి ఫొనెటిక్ కీబోర్డు విండోస్ 10 1903 నుంచి లోపలే ఉంది. భాషల్లో తెలుగు చేర్చి, కీబోర్డుల్లో దాన్ని ఎంచుకుంటే చాలు.

ప్రశ్న: కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్, 4 జీబీ. పిల్లలు పాఠాలు చదువుకోవడానికి, తెలుగులో టైప్ చేయడానికి. ఏ విండోస్?
ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు: దీనికి పదకొండు కుదరదు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ 4.2 అనే ఆదేశాలు తప్పనిసరి. కోర్ 2 డ్యుయోలో అవి లేవు, ఏ దాటింపూ పనిచేయదు. పది వేసినా ఈ ర్యామ్‌తో ఈడ్చుకుంటూనే ఉంటుంది. చిన్న సాటా ఎస్ఎస్‌డీ పెట్టి, విండోస్‌కు బదులుగా లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండి. 2029 ఏప్రిల్ వరకు దానికి అప్‌డేట్లు వస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు.

వేసే ముందు పరీక్షించుకునే వీలుండటం మింట్‌లో మంచి గుణం. రూఫస్‌తో పెన్‌డ్రైవ్ చేసి బూట్ చేస్తే డిస్కును ముట్టుకోకుండానే డెస్క్‌టాప్ వస్తుంది. వైఫై, శబ్దం, బ్రౌజర్‌లో వీడియో పాఠం మూడూ చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. తృప్తిగా ఉంటేనే డెస్క్‌టాప్ మీద ఉన్న ఇన్‌స్టాల్ నొక్కండి.

తెలుగు టైపింగుకు ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్స్‌లో ఐబస్, ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ అనే కీబోర్డు పద్ధతులు దొరుకుతాయి. అనులో చేయి తిరిగినవారి కోసం ఆపిల్ లేఅవుట్ కూడా ఉంది.

ఇంట్లో ప్రింటరు ఉంటే అది ఏదో చూశాకే నిర్ణయించండి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ అందుకోవాలి, అందుకు హెచ్‌పీ వారి లినక్స్ డ్రైవరు హెచ్‌పీలిప్ ప్లగిన్ వేసుకుంటే సరిపోతుంది. కానన్ ఎల్‌బీపీ 2900 లినక్స్‌లో బాగా సతాయిస్తుంది. దానికి మాత్రం ఫైలును పీడీఎఫ్ చేసి మరో విండోస్ మెషీన్ మీద ప్రింట్ తీసుకోవడమే నయం.